చిన్నపిల్లల చేతిలో ఇంటి ఫోను



కృష్ణరాజపురం అంటే మీలో చాలామందికి వెంటనే తట్టకపోవచ్చు. కె.ఆర్.పురం అంటే మాత్రం కుప్పం వైపునుంచి బెంగళూరు రైలెక్కేవాళ్లందరికీ తెలుసు. చిత్తూరు జిల్లానుంచి ముళబాగిలు, కోలారు మీదుగా వచ్చే పాత మద్రాసు రోడ్డు కూడా ఇక్కడే నగరంలోకి అడుగుపెడుతుంది. నేను పాఠాలు చెప్పేది ఇక్కడి బడిలోనే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు, ఇలా మూడు భాషల మధ్య పెరుగుతున్న పిల్లలు మా తరగతుల్లో చాలామంది ఉన్నారు. మడకశిరలోనో, బాగేపల్లిలోనో ఉన్న మీకు ఈ సంగతి నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇలాంటి ఇళ్లలో ఒక విచిత్రం చూస్తుంటాను. ఇంటిల్లిపాదిలో చదవడం బాగా వచ్చినవాడు అందరికంటే చిన్నవాడు. బ్యాంకునుంచి ఇంగ్లీషులో సందేశం వస్తుంది. బడినుంచి కన్నడంలో నోటీసు వస్తుంది. తల్లి ఫోను తీసి కొడుకు చేతికిచ్చి, "ఏం రాసినారో చూడరా" అంటుంది. ఏడో తరగతి పిల్లవాడు చదివి చెబుతాడు. నొక్కమన్నచోట నొక్కుతాడు. సరుకులకు దుకాణానికి వెళ్లేదీ వాడే, అక్కడ డబ్బు కట్టేదీ వాడే.

పిల్లలకు ఇంటర్నెట్ జాగ్రత్తలు చిన్నప్పుడే నేర్పాలని ఈ మధ్య అందరూ అంటున్నారు. మంచి మాటే. అయితే అలా అనేవాళ్ల మనసులో ఉండేది, తన గదిలో తన సొంత ఫోను పట్టుకుని కూర్చున్న పిల్లవాడు. మన ఇళ్లలో చాలావాటిలో పిల్లవాడికి సొంత గదీ లేదు, సొంత ఫోనూ లేదు. ఫోను ఇంటిది. ఇంటి బ్యాంకు ఖాతా అందులోనే ఉంది. ఆ ఖాతాకు గుమాస్తా మన పిల్లవాడు. కాబట్టి వాడికి నేర్పే జాగ్రత్త వాడొక్కడికోసం కాదు.

రెండేళ్ల కిందట మా బడిలో ఎనిమిదో తరగతి చదివిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పేరు చెప్పను. తల్లి గార్మెంట్స్‌లో కుట్టుపని చేస్తుంది. ఒక సాయంత్రం ఆమె పనినుంచి వచ్చి కూర్చుందో లేదో ఫోను వచ్చింది. కరెంటు ఆఫీసునుంచి మాట్లాడుతున్నామనీ, పోయిన నెల బిల్లు కంప్యూటరులో ఎక్కలేదనీ, రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు తీసేస్తామనీ అవతలి మనిషి గబగబా కన్నడంలో చెప్పాడు. ఆమెకు ఆ కన్నడం సగమే అర్థమైంది. ఫోను కొడుక్కిచ్చింది.

ఆ మనిషి మాట మార్చాడు. "నువ్వు చదువుకున్నవాడివి, మీ అమ్మకు ఇవన్నీ తెలియవు, నువ్వయితే రెండు నిమిషాల్లో చేసేస్తావు" అన్నాడు. ఒక లింకు పంపాడు. దాన్ని నొక్కితే ఒక యాప్ దిగింది. పది రూపాయలు కడితే రికార్డు సరిపోతుందన్నాడు. అబ్బాయి కట్టాడు. తల్లి పిన్ నంబరు వాడికి కంఠతా వచ్చు కదా. దిగిన ఆ యాప్ ఏం చేస్తుందంటే, ఇక్కడి ఫోను తెరమీద జరిగేదంతా అక్కడ కూర్చున్నవాడికి చూపిస్తుంది. తర్వాత ఫోనుకు ఆరంకెల సంఖ్య వచ్చింది. చదవమన్నాడు. అబ్బాయి ఇంగ్లీషులో, ఒక్కొక్క అంకే స్పష్టంగా, బడిలో ఎక్కాలు చెప్పినట్టు చదివి వినిపించాడు. 18,500 రూపాయలు పోయాయి. ఇల్లు మారడానికి అడ్వాన్సు ఇవ్వాలని దాచుకున్న డబ్బు అది.

డబ్బు పోయిందని బ్యాంకునుంచి సందేశం వచ్చింది. దాన్ని చదివినవాడూ ఆ అబ్బాయే. వాడికి అర్థమైంది. చెరిపేశాడు. మూడు రోజులు ఎవరితోనూ చెప్పలేదు. నాలుగో రోజు తల్లి ఏటీఎంకు వెళ్లేసరికి ఖాతా ఖాళీ.

తర్వాత వాడు నా దగ్గరికి వచ్చినప్పుడు, "మొదటిరోజే ఎందుకు చెప్పలేదు, అమ్మ కొడుతుందనా?" అని అడిగాను. "కొడతాదని కాదు మిస్. నాకు ఇంగ్లీషు బాగా వస్తాదని అమ్మ అందరికీ చెప్పుకుంటాది" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. భయం కాదు, సిగ్గు. ఇంటికి పెద్దదిక్కులా చదివి చెప్పేవాడు తప్పు చదివానని ఎలా ఒప్పుకుంటాడు?

ఆ మూడు రోజుల వల్ల ఏం పోయిందో కూడా చెప్పాలి. ఇలాంటి మోసాల కోసమని దేశమంతటికీ 1930 అని ఒక నంబరు ఉంది. నాలుగే అంకెలు, ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. దానికి ఫోను చేసి ఫిర్యాదు ఇస్తే, ఆ డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ బ్యాంకుకు వెంటనే కబురు పోతుంది. డబ్బు ఇంకా అందులో ఉంటే అక్కడే ఆపేస్తారు. మోసగాడు ఊరుకోడు. ఒక ఖాతానుంచి ఇంకోదానికి, దాన్నుంచి మరోదానికి మార్చుకుంటూ పోతాడు, చివరికి ఎక్కడో నోట్లుగా తీసేస్తాడు. అంటే ఇది పరుగు పందెం. మొదటి గంటలో ఫోను చేసినవాడికి డబ్బు దక్కే ఆశ బాగా ఉంటుంది. మూడు రోజుల తర్వాత చేసినవాడికి ఫిర్యాదు సంఖ్య మాత్రం దక్కుతుంది. ఆ తల్లికి దక్కింది అదే.

అంచేత ఆ ఏడాదినుంచి నేను నా పాఠం తిరగరాసుకున్నాను. అంతకుముందు పాస్‌వర్డు ఎలా పెట్టుకోవాలి అని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు మొదటి మాట, "తప్పు జరిగితే వచ్చి చెప్పు" అని. ఆ మాట పిల్లలకు చెబితే సరిపోదు. తల్లిదండ్రుల సమావేశంలో పెద్దవాళ్ల చేత అనిపిస్తాను. "నువ్వు ఏది నొక్కినా, ఎంత పోయినా, ఆ రోజే చెబితే నేను తిట్టను" అని పిల్లవాడి ఎదురుగా తల్లో తండ్రో అనాలి. కొందరు తండ్రులు నవ్వుతారు. కొందరు, "అట్లంటే భయం పోతాది కదా మిస్" అంటారు. పోవలసిందే ఆ భయం. వాడి భయం మోసగాడికి పనికొస్తోంది గాని మనకు పనికిరావడం లేదు.

పెద్దవాళ్లకు ఇది ఎందుకు కొత్తగా ఉందో నాకు తెలుసు. మా బడికి కొంచెం దూరంలో దూరవాణినగర్ ఉంది. 1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ కర్మాగారం మొదలైంది అక్కడే. వేలు పెట్టి తిప్పే ఆ బరువైన ఫోన్లు ఇక్కడినుంచి దేశమంతటికీ వెళ్లేవి. అంత దగ్గరలో ఉండి కూడా నా చిన్నతనంలో మా వీధి మొత్తానికి ఒకే ఇంట్లో ఫోను ఉండేది. అందరం దరఖాస్తుల్లో ఆ ఇంటి నంబరే రాసి పక్కన పీపీ అని పెట్టేవాళ్లం. ఊరినుంచి ఫోను వస్తే ఆ ఇంటి పిల్లవాడు పరుగెత్తుకొచ్చి పిలిచేవాడు. మనం మాట్లాడేది ఆ ఇంట్లో నలుగురూ వినేవారు. అది ఇబ్బందిగానే ఉండేది. కాని ఎవడైనా మోసం చెయ్యాలంటే ఆ నలుగురి చెవుల్ని దాటుకుని చెయ్యాలి. ఇప్పుడు ఫోను పిల్లవాడి చెవిలో ఒంటరిగా మాట్లాడుతుంది. పక్కన తల్లి ఉంటుంది, అయినా వినదు.

అందుకే మేము తరగతిలో ఆ నలుగురి చెవుల్ని మళ్లీ తయారుచేసుకుంటున్నాం. నెలకొక శనివారం చిన్న నాటకం ఆడిస్తాను. ఒక పిల్ల మోసగత్తె, ఒక పిల్లవాడు అవ్వ, ఇంకొకడు మనవడు. మిగతా తరగతి అంతా వింటుంది. ఫోనులో మాట ఎక్కడ తేడాగా ఉందో అక్కడ బల్లమీద తట్టాలి. పిల్లలు మోసగాళ్ల వేషం ఎంత బాగా కడతారో మీరు చూడాలి. మొన్న ఒక అమ్మాయి బ్యాంకు మేనేజరుగా మాట్లాడితే, నేనే నా నంబరు చెప్పేస్తానేమో అనిపించింది.

ఆడగా ఆడగా పిల్లలే కనిపెట్టారు, ఏ మోసంలోనైనా ఒకే తాళం వినిపిస్తుందని. తొందరపెడతాడు. భయపెడతాడు, లేదా ఆశపెడతాడు. "మీవాళ్లకు చెప్పొద్దు" అంటాడు. కరెంటు పేరైనా, లాటరీ పేరైనా, పోలీసు పేరైనా ఇంతే. వీడియోలో పోలీసు దుస్తులు వేసుకుని కనబడి "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అని బెదిరించేవాళ్ల గురించి ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న రేడియోలోనే, మన్ కీ బాత్‌లో చెప్పారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. అది విన్న మా పిల్లవాడొకడు, "మిస్, అరెస్టు చేసేవాడు గది తలుపు మూసుకొమ్మని ఎందుకంటాడు?" అని అడిగాడు. వాడికి ఇంక నేను నేర్పవలసింది లేదు.

ఇక డబ్బు సంగతి. ఆరంకెల ఓటీపీని ఇంటి తాళంచెవి అని చెబుతాను. తాళంచెవి అడిగేవాడు ఎవరైనా సరే, ఇంటివాడు కాదు. పిన్ గురించి ఒక్క మాట మరిచిపోకుండా నేర్పండి. డబ్బు పంపడానికే పిన్ కొట్టాలి, డబ్బు రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. "మీకు డబ్బు పంపిస్తున్నాం, పిన్ కొట్టండి" అన్నాడంటే వాడు తీసుకుంటున్నాడన్నమాట.

పిల్లలకు పిన్ చెప్పకూడదని నియమాలు రాసేవాళ్లు సులువుగా రాసేస్తారు. చదువురాని అవ్వ పాల ప్యాకెట్టు కొనుక్కోవాలంటే మనవడికి చెప్పక ఎవరికి చెబుతుంది? నేను ఆమెను తప్పుపట్టను. దానికి ఒక దారి ఉంది. యూపీఐ లైట్ అని ఉంటుంది. అందులో కొద్దిగా డబ్బు విడిగా వేసుకోవచ్చు. ఒకసారికి వెయ్యి రూపాయలలోపు చెల్లింపులకు పిన్ అడగదు, మొత్తం 5,000 రూపాయలకు మించి అందులో ఉండదు. పిల్లవాడి చేతికి బీరువా తాళం బదులు పోపులపెట్టె ఇచ్చినట్టు.

పల్లెల్లో ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది ఇంకొకటి, పెళ్లిపత్రిక. వాట్సాప్‌లో "మా ఇంటి శుభకార్యానికి రండి" అని వస్తుంది. కింద ఒక ఫైలు. పేరు చివర చుక్క, ఏ, పీ, కే అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. నిజమైన పెళ్లిపత్రిక అయితే బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే అది పత్రిక కాదు, యాప్. అది ఫోనులో దిగితే మనకొచ్చే ఓటీపీలు కూడా వాడికి చేరతాయి. తెలిసినవాళ్ల నంబరునుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోను ముందే వాడి చేతిలో పడి ఉంటుంది. ఈ మూడు అక్షరాలను గుర్తుపట్టడం మూడో తరగతి పిల్లకు కూడా నేర్పవచ్చు. నేర్పాం. ఒకామె తన కూతురు పెళ్లిపత్రిక తెరవనివ్వలేదని నాతో ఫిర్యాదు చేసింది. అది నిజమైన పత్రికేనట. పోనీలెండి, ముహూర్తం దాటలేదు. ఆటల్లో డైమండ్లు ఊరికే ఇస్తామనే లింకులదీ ఇదే దారి, వాటి గురించి విడిగా చెప్పను.

పాస్‌వర్డు సంగతి కూడా ఒక మాట. పేరూ, పుట్టిన సంవత్సరమూ కలిపి పెట్టేస్తారు పిల్లలు. అలా కాకుండా ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయమంటాను. మా అవ్వ, రాగిసంగటి, చింతచెట్టు, మంగళవారం, ఇలాంటివి. పొడుగ్గా ఉంటుంది, పిల్లవాడు మరిచిపోడు. ఇప్పుడు నేను చెప్పినవి మాత్రం పెట్టుకోకండి, చాలామంది విన్నారు.

పెద్ద పిల్లల విషయంలో చెప్పడానికి కొంచెం కష్టమైన సంగతి ఒకటి ఉంది. రేడియో అని తప్పించుకుంటే ప్రయోజనం లేదు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్‌లోనో, ఆటలోనో ఎవరో స్నేహంగా పరిచయమవుతారు. వారాల తరబడి మంచిగా మాట్లాడతారు. తర్వాత ఫోటో అడుగుతారు. ఆ తర్వాత అది చూపించి బెదిరిస్తారు. ఇప్పుడు అసలు ఫోటో పంపనక్కర్లేదు కూడా, మామూలు ఫోటోనే కృత్రిమ మేధతో మార్చేస్తున్నారు. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ జరుగుతోంది. ఈ చోట కూడా పిల్లలు నోరు విప్పకపోవడానికి కారణం ఆ ఎనిమిదో తరగతి అబ్బాయిదే. ఇంట్లో తెలిస్తే ఫోను లాక్కుంటారు, బడి మాన్పిస్తారు. ఆడపిల్ల అయితే పెళ్లి మాట ఎత్తుతారు. అంటే నష్టపోయిన పిల్లకే శిక్ష. మోసగాడికి ఇది బాగా తెలుసు. "మీవాళ్లకు చెబుతాను" అనేదే వాడి ఆయుధం.

ఆ ఆయుధం ఇంట్లోనే విరగాలి. పిల్ల వచ్చి చెబితే, ముందు ఆమెకు భోజనం పెట్టండి. ఆ తర్వాత ఆ సందేశాలు చెరపకుండా ఫోటోలు తీసి ఉంచండి. డబ్బు పంపవద్దు, పంపితే మళ్లీ అడుగుతాడు. పిల్లల సహాయానికి 1098 ఉంది, ఫిర్యాదుకు 1930 ఉంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల అశ్లీల చిత్రాలు తయారుచేసినా, దాచుకున్నా, ఇంకొకరికి పంపినా సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షను కింద నేరం. మొదటిసారికే ఐదేళ్లదాకా జైలు, పది లక్షల రూపాయలదాకా జరిమానా. సరదాకి ముందుకు పంపిన తోటి విద్యార్థి కూడా తప్పు చేసినట్టే, ఇది మగపిల్లల తరగతిలో గట్టిగా చెబుతాను. పోక్సో చట్టం ప్రకారం బాధిత పిల్లల పేరు, ఊరు, బడి ఏదీ బయటికి రాకూడదు. పరువు గురించి భయపడే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియాలి. టేక్ ఇట్ డౌన్ అని 2023లో మొదలైన ఒక ఉచిత సేవ కూడా ఉంది. ఫోటోను ఎవరికీ పంపకుండానే, దాని వేలిముద్రలాంటి గుర్తును మాత్రం తయారుచేసి, అందులో చేరిన సామాజిక మాధ్యమాల సంస్థలు ఆ ఫోటోను తొలగించేలా చేస్తుంది.

కళాశాలకు వెళ్లే పిల్లలున్నవాళ్లు ఇంకొక్కటి వినండి. "నీ బ్యాంకు ఖాతా నెలరోజులు వాడుకుంటాం, ఐదువేలిస్తాం" అని అడిగేవాళ్లు పి.యు. పిల్లల చుట్టూ తిరుగుతున్నారు. ఇందాక చెప్పానే, పోయిన డబ్బు ఖాతానుంచి ఖాతాకు మారుతుందని, ఆ నడుమ ఖాతాలు ఇవే. పోలీసులు ముందు వచ్చేది ఆ పిల్లవాడి ఇంటికి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. దేశంలో మొట్టమొదటి సైబర్ నేరాల పోలీసు స్టేషను 2001లో బెంగళూరులోనే వచ్చింది. కేంద్ర ప్రభుత్వపు సమాచార భద్రతా విద్యా కార్యక్రమం 2005లో మొదలైంది. అందులో అవగాహన పని హైదరాబాదులోని సీడాక్ చూస్తుంది, తెలుగులో కూడా సామగ్రి తయారుచేసింది. కేంద్ర హోం శాఖ 2018లో విద్యార్థుల కోసం ఒక చేతిపుస్తకం వేసింది. తెలంగాణలో 2021లో పోలీసుల మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి ప్రభుత్వ పాఠశాలలనుంచి పిల్లలను ఎంపికచేసి సైబర్ రాయబారులుగా తర్ఫీదు ఇచ్చారు. ఈ చివరిది నాకు బాగా నచ్చింది. పిల్ల చెబితే పిల్ల వింటుంది, మేము చెబితే గంట ఎప్పుడు కొడతారా అని చూస్తుంది.

కాని పుస్తకం ఉండటం వేరు, టైంటేబులులో దానికొక పీరియడు ఉండటం వేరు. 2024లో అసర్ సంస్థ పల్లె ఇళ్లకు వెళ్లి 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగింది. నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. సామాజిక మాధ్యమాలు వాడే పిల్లల్లో, ఇబ్బంది పెట్టేవాడిని ఆపడం తెలిసినవాళ్లు 62 మంది, తమ ఖాతాను ఇతరులు చూడకుండా పెట్టుకోవడం తెలిసినవాళ్లు 55 మంది. వాడటం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. మిగతాది మనం నేర్పితేగాని రాదు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరునుంచి పదహారేళ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమాల్లో ఖాతాలే వద్దన్నారు. ఇక్కడ కూడా అలా చేస్తే బాగుంటుందని మా ఉపాధ్యాయుల గదిలో వాదన జరిగింది. చేస్తే చెయ్యనివ్వండి. కాని అమ్మ ఫోనుకు వయసు నలభై. కరెంటు ఆఫీసు పేరుతో వచ్చే కాల్ ఆ ఫోనుకే వస్తుంది.

పోయిన నెల సమావేశం అయ్యాక ఆ అబ్బాయి తల్లి నా దగ్గర ఆగింది. కొడుకు ఇప్పుడు పదో తరగతి. కొత్త ఇంటికి అడ్వాన్సు మళ్లీ కూడబెట్టుకుంటున్నారట. "ఏ మెసేజి వచ్చినా గట్టిగా చదువుతాడు మిస్, పక్కింటోళ్లకు కూడా వినబడేట్టు. ఓటీపీ వస్తే మాత్రం నోరు మూసుకుంటాడు" అని నవ్వింది. ఆమె ఫోను వెనక తెల్లకాగితం అతికించి ఉంది. దానిమీద పెన్నుతో 1930 అని రాసి ఉంది, అంకెలు కన్నడంలో.